బొట్టు పెట్టి ఆపేశారు

నేను ఒక చీపురును, పుల్లల్లేనిదాన్ని. కంప్యూటర్లో నాలుగు వాక్యాల ప్రోగ్రాంని. ఒంగోలులో ఒక రక్తనిధి డేటాబేస్‌ను రోజూ ఊడ్చడం నా పని. ఆ డేటాబేస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఎవడబ్బ సొత్తూ కాదు. ఎందరో కలిసి రాసి, అందరూ ఊరికే వాడుకొమ్మని వదిలేసింది. ఒక్కటే చిక్కు. అందులో ఏ వివరం మార్చినా పాతది పోదు, శవమై లోపలే పడి ఉంటుంది.

అక్కడ కంప్యూటర్లు చూసుకునే షంషాద్ ఆ శవాలను చేత్తో ఎత్తి ఎత్తి విసిగిపోయి నన్ను రాసింది. "ఇక నువ్వే చూసుకో తల్లీ" అని వేరే ఉద్యోగానికి పోయింది. నేను నాగా పెట్టలేదు. అందుకే నేనున్నట్టే ఎవరికీ పట్టలేదు.

దసరా వచ్చింది. మేనేజరు విద్యాధరం కంప్యూటరు పెట్టెకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఆపరేటరు కేశవులును పిలిచాడు.

"ఆయుధపూజ నాడు పనిముట్టు పని చెయ్యకూడదు. వాటంతటవి నడిచేవన్నీ ఆపెయ్యి."

"రక్తం వెతికేది కూడానా సార్?"

"అదాపితే జనం తంతారు. మిగతావి ఆపు."

నన్నాపారు. గుమ్మడికాయ కొట్టారు, లడ్డూలు తిన్నారు, మళ్ళీ నడపడం మరిచారు. థూ! మొక్కిన చేతులకు మీట నొక్కే ఓపిక లేదు.

శవాలు పేరుకున్నాయి. డిస్కు నిండి, ఒక ఉదయం డేటాబేస్ బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే నాగరత్నం కూతుర్ని ఎత్తుకొచ్చింది. నెలనెలా రక్తమెక్కితేనే బతికే పిల్ల.

"సిస్టం తిరుగుతోందమ్మా, కూర్చో," అన్నాడు కేశవులు.

"తిరిగేది నా బిడ్డ కళ్ళయ్యా! ఫ్రిజ్జు అదుగో కనపడతానే ఉందిగా, తీసి చూడు!"

"సిస్టంలో ఎక్కకుండా బ్యాగు కదలకూడదు, రూలు."

పిల్ల బెంచీ మీద నుంచి జారిపోయింది. హడలిపోయి కేశవులు షంషాద్‌కు ఫోన్ చేశాడు.

"నా చీపురు ఆపిందెవరు?" ఫోన్లోంచి ఆమె అరుపు వరండా దాకా వినిపించింది.

"పూజకి... మేడం."

"ముందు ఫ్రిజ్జు తెరిచి రక్తమియ్యి! చీపురు సంగతి నే చూస్తా."

పిల్ల బతికింది. నన్ను మళ్ళీ నడిపారు. విద్యాధరం మాత్రం బాగా ఆలోచించి తప్పెక్కడుందో కనిపెట్టాడు. మళ్ళీ దసరాకు కేశవులుతో అన్నాడు:

"పోయినేడు పూజలో లోపం జరిగిందయ్యా. ఈసారి రెండు గుమ్మడికాయలు కొడదాం. ఆ చీపురుకు మూడు రోజులు విశ్రాంతి."

వరండాలో బిడ్డతో కూర్చున్న నాగరత్నం విన్నది. లేచింది. ఒక గుమ్మడికాయ ఎత్తి విద్యాధరం బల్లకేసి కొట్టింది. గింజలు అతని చొక్కా నిండా అంటుకున్నాయి.

"అయిందిగా పూజ," అంది. "ఇంక దాని జోలికి పోమాక."

కేశవులు నన్నాపబోయి మీట మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. నేను ఊడ్చుకుంటూ పోయాను.