పట్టాదారు పేరు చెప్పండి

పెద్దేరు పొంగి వడ్డాది దగ్గర దారి కొట్టుకుపోయిన ఏడాది జరిగిందిది. ఏటి ఒడ్డు చెరకంతా నేలవాలింది. వాలిన చెరకుని వేళకి నరక్కపోతే కుళ్ళిపోతుంది. నరకాలంటే చెరకు కొనే కంపెనీ కటింగ్ ఆర్డరు ఇవ్వాలి. ఆ ఏడాది నుంచి ఆర్డర్లు ఫోన్లో ఇవ్వడం మొదలెట్టారు. ఫోనెత్తితే ఒక ఆడగొంతు, "మీ వంతు వచ్చింది. బీప్ తరవాత పట్టాదారు పేరు చెప్పండి" అంటుంది. పేరు చెబితే ఆర్డరు. చెప్పకపోతే వంతు పక్కవాళ్ళకి పోతుంది.

ఆ గొంతు రూపాదేవిది. చోడవరంలో తన ఇంట్లో, దుప్పట్లు పెట్టుకునే గదిలో తలుపేసుకుని చెప్పిన మాటలవి. "నీ గొంతుండగా ఇంకొకళ్ళెందుకు" అన్నాడు భర్త శ్యాంప్రసాద్. ఆ ప్రోగ్రాంని పైథాన్ అనే కంప్యూటరు లాంగ్వేజిలో రాసిందీ ఆమే. కంపెనీ ఆ పని అప్పజెప్పిన విశాఖపట్నం సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అతను టీం లీడరు, ఆమె అదే టీంలో ఇంటి నుంచి చేసే కాంట్రాక్టు మనిషి.

ఆర్డర్లు సరిగ్గా వెళ్ళలేదు. ఫోనెత్తుతున్నారు, పేరు మాత్రం రావడం లేదు. పై ఆఫీసరు హరిబాబు నిలదీశాడు. శ్యాంప్రసాద్ ఇంటికొచ్చి ఆమె మీద పడ్డాడు.

"పైథాన్ వద్దని నాను ముందే అన్నాను. స్లో లాంగ్వేజి. జనం నోరు తెరిసీసరికి అది నిద్దరోతంది. నీలాగే."

అప్పుడు జావాలో మొత్తం తిరగరాసింది. పాలు కాచుతూ, పప్పు రుబ్బుతూ, అత్తగారి మందులు అందిస్తూ రాసింది. జావాలోనూ అంతే, పేరు రాలేదు. "రాసిందీ నువ్వే కదా. గో అని ఇంకోటుంది, అందులో రాద్దాం" అన్నాడతను. ఆమెకీ అనుమానం పట్టుకుంది. ఆ ఇంట్లో ఏది చెడినా ముందు ఆమె చేతుల వంకే చూస్తారు. పాలు విరిగితే గిన్నె సరిగా తోమలేదంటారు, అతని బస్సు తప్పితే టిఫిను ఆలస్యం చేసిందంటారు. అంటుంటే అంటుంటే, అడక్కముందే తనదే తప్పనుకోవడం ఆమెకి అలవాటైపోయింది. లాంగ్వేజి కూడా తను పట్టుకున్నందుకే పాడైందేమో అనిపించింది.

"రేపు మీటింగులో హరిబాబు గారు అడిగితే, లాంగ్వేజి నానే సెలక్ట్ సేసేను, మిస్టేకు నాదే అని సెప్పీ" అన్నాడు శ్యాంప్రసాద్.

"అలాగంటే నా కాంట్రాక్టు తీసేస్తారు కదండీ."

"తీసీనీ. ఇంట్లోనే ఉంటావు కదా. ఈలోగా ఆ రికార్డింగులు విను. మాట ఎక్కడ కట్టయిపోతందో చూడు."

మర్నాటి మీటింగు గుండెల్లో పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోంగూర ఒలుస్తూ కూర్చుంది. మగవాళ్ళ ఫోన్లన్నీ బాగానే ఉన్నాయి. మిగిలినవాటిలో ముందు తన గొంతే. పేరు చెప్పండి. బీప్. తరవాత ఏమీ లేదు. కానీ ఎక్కడా మాట కట్ అవలేదు. ఊపిరి వినిపిస్తోంది. ఒకదాంట్లో కోడి అరిచింది. ఒకదాంట్లో పెదవులు విడిన చప్పుడు, మళ్ళీ మూసుకున్న చప్పుడు. అడిగేది తను, అవతల ఎవరో ఉన్నారు, పలకడం లేదు. ఇంకోటి పెట్టింది. ఆ ఊపిరి వెనకాల దూరంగా ఒక గొంతు, "అత్తా, పాలు పొంగుతున్నాయి చూడు" అంది.

అదీ తన గొంతే.

రూపాదేవి ఇయర్‌ఫోన్లు పీకేసింది. ఒలిచే గోంగూర పక్కన పెట్టి లేచింది. పెరట్లో అత్తగారు మహాలక్ష్మమ్మ చింతపండు గింజలు తీస్తోంది. మావగారు తవిటయ్య పోయి ఏళ్ళయినా వడ్డాది పొలం ఇంకా ఆయన పేరునే ఉంది. సాగంతా ఈవిడే చేయిస్తుంది, ఫోనూ ఈవిడదే.

"అత్తా, కటింగ్ ఆర్డరు ఫోనొచ్చిందా?"

"ఒచ్చింది. నువ్వటు పొయ్యికాడ ఉన్నావు, ఫోన్లో ఆయన పేరు అడుగుతన్నావు. ఒళ్ళు జలదరించింది."

"మరి చెప్పకపోయేవా? చెరకు కుళ్ళిపోతోంది కదా."

"పెళ్ళయ్యేక ఒక్కపాలి అన్నాను ఆ పేరు, రేషను కొట్టుకాడ అడిగితే. ఇంటికొచ్చేక సెంప వాసిపోయింది."

"ఇప్పుడాయన లేరు కదత్తా."

"లేడు. అందుకే. పిలిస్తే ఒచ్చీగల్డు."

నవ్వుతూ అన్న మాట కాదది. గింజ గిన్నెలో వేసి వీధి తలుపు వంక చూసింది. "వడ్డాదిలో సిన్నతల్లి మొగుడు బతికే ఉన్నాడు, విశాఖలో పని. అదీ అనదు. మా ఈడోలం ఎవులం అనమే."

రూపాదేవి వెళ్ళి మళ్ళీ విన్నది. ఇప్పుడు ఆ రికార్డింగులు ఖాళీగా లేవు. ఒక్కో నిశ్శబ్దంలో ఒక్కో ఆడది నోరు తెరుస్తోంది, ఆమె వెనకాల ఎవరో వచ్చి నిలబడుతున్నారు.

సాయంత్రం భర్తకి చెప్పింది. "తప్పు లాంగ్వేజీది కాదండీ. పేరు అడగొద్దు, ఒకటి నొక్కమందాం అని మొదట్లోనే అన్నాను. అత్త కూడా చెప్పలేకపోయింది."

"అమ్మకి ఫోను పట్టుకోడం రాదు. పేరడగడం నా ఐడియా. అంటే ఇప్పుడు తప్పు నాదంటావేటి? లాంగ్వేజి అనే సెప్పు, అన్నం పెట్టు."

మర్నాడు పొద్దున్న వీడియో మీటింగుకి భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే బల్లకి అటొకరు ఇటొకరు, ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్ళు కూర్చున్నారు. హరిబాబు అడిగాడు. "రూపాదేవి గారూ, లాంగ్వేజి మీరే సెలక్ట్ చేశారట. ప్రాబ్లెం అదేనా?"

"సెలక్ట్ చేసింది నేనే సార్. ప్రాబ్లెం అది కాదు. రెండు లాంగ్వేజీల్లో రాశాను, రెండూ అడిగింది ఒకటే. భర్త పేరు నోటితో చెప్పమంటే ఇక్కడి ఆడవాళ్ళు చాలామంది చెప్పరు. అందుకే ఆర్డర్లు ఆగాయి."

"మరి పేరే అడగాలని ఎవరు పెట్టారు?"

బల్లకి ఎదురుగా భర్త తల అడ్డంగా ఊపాడు. అతన్ని ఇంట్లో ఏవండీ అని, మీటింగుల్లో సార్ అని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చిన మనిషి ఆమె. నోరు తెరిచింది. నాలుక లేవలేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, తన ఊపిరి, అంతే.

"హలో, వినబడుతోందా?" అన్నాడు హరిబాబు.

"శ్యాంప్రసాద్" అంది రూపాదేవి. వినిపించలేదేమోనని, ఇంకోసారి గట్టిగా అంది.