శవాల బండిలో ఓజెల్లా

మా కౌంటీలో నల్లవాళ్ళకు అంబులెన్సు లేదు. ఉన్న ఒక్కటీ తెల్లవాళ్ళది, అది మా పేట వైపు తిరిగి కూడా చూడదు. అందుకని ఎవరికి కాలు విరిగినా, కాన్పు కష్టమైనా, గుండె పట్టేసినా నాకే కబురు పెట్టేవాళ్ళు. నేను శవసంస్కారాల దుకాణందాన్ని. నా మొగుడు పోతూ పోతూ నాకు మిగిల్చింది శవపెట్టెల షెడ్డు ఒకటి, పొడుగాటి నల్ల బండి ఒకటి. చచ్చినవాళ్ళను శ్మశానానికీ, బతికున్నవాళ్ళను ఆసుపత్రికీ ఆ బండిలోనే మోశాను. అప్పట్లో అలబామా అంతటా ఇదే తంతు. తెలియనట్టు నటించేవాళ్ళు మాత్రం కోకొల్లలు.

రోగులకు ఆ బండంటే హడలు. ఎక్కితే ఇక ప్రాణాలతో దిగమేమోనని వాళ్ళ బెంగ. ఎంత నచ్చజెప్పినా వినేవాళ్ళు కాదు. చివరికి నేనొక ఉపాయం కనిపెట్టాను. ముందు నేనే ఎక్కి, పరుపు మీద వెల్లకిలా పడుకుని, కాసేపు పైకప్పు చూసి, లేచి దిగేదాన్ని. "చూశారుగా, లేచాను. మీరూ లేస్తారు" అనేదాన్ని. చాలామంది నవ్వి ఎక్కేవాళ్ళు.

ఓజెల్లా నవ్వలేదు. నొప్పితో మెలికలు తిరుగుతూనే తిట్టింది.

"ఒసేయ్ థియోలా, ఆ ఒళ్ళేసుకుని పరుపంతా అణగదొక్కేశావు. లే ముందు!"

ఓజెల్లా, నేనూ ఒకే బడి, ఒకే చర్చి, ఒకేసారి బాప్తిస్మం. ఆదివారం తను పాటెత్తుకుంటే పాస్టరుగారు ప్రసంగం మరిచిపోయేవారు. వారమంతా తెల్లవాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఆ మధ్యాహ్నం ఎవరిదో చొక్కా ఇస్త్రీ చేస్తూ కడుపు పట్టుకుని కూలిపోయింది. రంపపు మిల్లునుంచి మొగుడు హోసియా పరుగెత్తుకొచ్చాడు. తాడిచెట్టంత మనిషి, ఆమెను ఎత్తి బండిలో పడుకోబెట్టాడు. ఎత్తుతూ "చొక్కా కాలిందా?" అని ఓజెల్లా అడిగింది. అదీ దాని దిగులు.

ముందు మా ఊళ్ళో ఆసుపత్రికే పోయాం. వెనక గుమ్మం దగ్గరే ఆపాలి, ఆపాను. డాక్టరు వచ్చి, బండిలోనే కడుపు నొక్కి చూసి, పెదవి విరిచాడు.

"గర్భం దారితప్పింది. నాళం పగిలింది. లోపల రక్తం పోతోంది, వెంటనే కొయ్యాలి."

"గర్భమా?" అన్నాడు హోసియా. పెళ్ళయి పదేళ్ళు దాటినా వాళ్ళకు పిల్లల్లేరు. ఆ ఒక్క మాటకు అతని మొహం వెలిగిపోయింది. మిగతా మాటలు చెవికెక్కడానికి కొంచెం టైం పట్టింది. ఆ మొహం చూడలేక నేను డాక్టరు వైపు తిరిగాను.

"అయితే కొయ్యండి సార్."

"కోసి ఎక్కడ పడుకోబెట్టను? కింద మీ వార్డులో మంచాలన్నీ నిండిపోయాయి."

"పైన తెల్లవాళ్ళ మంచాలు ఖాళీగా ఉన్నాయి కద సార్. కిటికీలోంచి కనబడుతున్నాయి."

వాళ్ళమ్మాయిని మా ఇంటి కోడలిగా ఇమ్మని అడిగినట్టు చూశాడు నావైపు. తర్వాత చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. వెనక గుమ్మం మూసుకుంది. నాకొచ్చిన కోపానికి ఆ తలుపు బద్దలు కొట్టాల్సింది. కానీ ఓజెల్లా లోపల రక్తం ఒలికిపోతోంది, తలుపులతో పోట్లాడే తీరిక నాకు లేదు.

నల్లవాళ్ళే నడిపే మావాళ్ళ ఆసుపత్రి యాభై మైళ్ళ దూరంలో ఉంది. బండిని ఎన్నడూ తోలనంత వేగంగా తోలాను. హోసియా వెనక ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"ఒసేయ్," అంది ఓజెల్లా వెనకనుంచి. గొంతు సన్నబడింది. "నేను పోతే ఆ గులాబీరంగు గుడ్డ వేసిన పెట్టెలో మాత్రం పెట్టకు. ఆ రంగు నాకు నప్పదు."

"నోరు ముయ్యవే. దానికి బోలెడు ఖరీదు, నీకెవరిస్తారు?"

"పిసినారి ముండా" అని నవ్వబోయి మూలిగింది.

సగం దారిలో, నాలుగు రోడ్ల కూడలి దాటగానే పోలీసు కారు వెంటపడింది. ఆపాను. డెప్యూటీ తీరిగ్గా దిగి వచ్చాడు. కుర్రాడే, నా కొడుకు వయసుంటుంది. నన్ను పేరు పెట్టి పిలిచాడు, మా బండి మీద రాసి ఉంటుంది కదా.

"ఏంటి థియోలా, చచ్చినవాళ్ళకి అంత తొందరేంటి?"

"చచ్చినవాళ్ళు కాదు సార్, రోగి. ఆసుపత్రికి తీసుకుపోతున్నా."

అతను కిటికీ పరదా తప్పించి చూశాడు. ఓజెల్లా మోచేతి మీద లేచింది.

"నేనింకా చావలేదండి," అంది. "మీరు దారిస్తే చావను కూడా."

అతను ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. తను భయపడడం మేము చూశామని సిగ్గేసిందో ఏమో, మొహం ఎర్రబడింది.

"ఓహో. ఇలా రోగుల్ని పైన పడుకోబెట్టి, పరుపు కింద దొంగసారా తోలుతుంటారని మాకు తెలుసులే. ఏరా, దించు దాన్ని."

"సార్, లోపల రక్తం పోతోంది, కదపకూడదు సార్" అన్నాడు హోసియా.

"దించమన్నానా?"

అతని చెయ్యి తుపాకీ మీదుంది. హోసియా దించాడు. రోడ్డు పక్క గడ్డిలో పడుకోబెట్టాడు. ఓజెల్లా అరిచిన అరుపు నేను చచ్చేదాకా మరిచిపోను. అరిచి, ఆ వెంటనే చేత్తో తడుముకుని, మోకాళ్ళ పైకి పోయిన గౌను కిందికి లాక్కుంది. దారిన పోయే కార్లు నెమ్మదించి చూసి పోతున్నాయి. నేను వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాను. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను.

వాడు పరుపెత్తాడు, పలకలు తట్టాడు, నా చేతిసంచీ గుమ్మరించాడు. సారా లేదు. "సరే, పోండి" అన్నాడు, మాకేదో వరమిచ్చినట్టు.

మళ్ళీ బండెక్కాం. హోసియా ఒక్కడే మాట్లాడాడు. పాప పుడితే ఏం పేరు పెడదాం అనడిగాడు పిచ్చివాడు. ఆ కడుపు నిలవదని డాక్టరు మాటలతోనే తేలిపోయింది. నేను బండి వేగం ఇంకొంచెం పెంచాను.

మావాళ్ళ ఆసుపత్రిలో నర్సులు ముందు గుమ్మంలోంచి స్ట్రెచరుతో పరుగెత్తుకొచ్చారు. పేరడిగి, "ఓజెల్లాగారూ, ఓజెల్లాగారూ" అని పిలిచారు. పరాయివాళ్ళ నోట ఆ "గారు" వినడం దానికి అదే మొదలు. విన్నదో లేదో తెలియదు. ఆపరేషను గది దాకా చేరకుండానే, వసారాలో, పోయింది.

పొద్దు వాలుతుండగా తిరుగు ప్రయాణమయ్యాం. హోసియా నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. ఈసారి బండి నెమ్మదిగా నడిపాను. శవంతో పోయేటప్పుడు అలాగే నడపాలి.

కూడలి దగ్గర ఆ డెప్యూటీ ఇంకా ఉన్నాడు. మమ్మల్ని చూశాడు, మా బండి నడక చూశాడు, వాడికి అర్థమైంది. కారుకు ఆనుకున్నవాడల్లా నిటారుగా నిలబడి, టోపీ తీసి గుండెకు ఆనించుకుని, తల వంచాడు. మా దగ్గర శవం ఎదురైతే అందరూ అలాగే చేస్తారు. తల్లి బాగానే నేర్పింది.

నా ఒళ్ళు భగ్గుమంది. ఇంతలో పక్కనుంచి హోసియా కూడా తన టోపీ తీశాడు. కిటికీలోంచి తల కొంచెం బయటికి పెట్టి,

"థాంక్యూ సార్" అన్నాడు.

డెప్యూటీ తలూపాడు. మేము దాటి వచ్చాం.

కొంతదూరం పోయాక హోసియా నావైపు తిరిగాడు.

"అక్కా, ఇప్పుడు నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు తమ్ముడూ."

"అన్నాను. థాంక్యూ అన్నాను. దాన్ని గడ్డిలో పడేయించినవాడికి థాంక్యూ అన్నాను." అరచేత్తో నోటిమీద కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. "అది వెనకాలే ఉందక్కా. అది వింది."

శవంతో పోతున్న బండిని దారిలో ఆపకూడదు. ఆపాను. అతని రెండు చేతులూ పట్టుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఓదార్చడం నా వృత్తి, ఎన్నో మాటలు వచ్చు నాకు. ఒక్కటీ పనికిరాలేదు.

"నాకూ నోటిదాకా వచ్చింది తమ్ముడూ," అన్నాను. "నువ్వు ముందన్నావు, అంతే."

అది ఓదార్పుకని అన్న మాట కాదు. నిజంగానే వచ్చింది.