మెల్లగా సార్ ఇంటి బడి

డ్రైవింగ్ స్కూల్లో అతని అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ మెల్లగా సార్. నేర్చుకునేవాళ్లు బ్రేకుకు బదులు యాక్సిలరేటర్ తొక్కినా, ఎదురుగా లారీ వస్తుంటే కళ్లు మూసుకున్నా, అతని నోటి నుంచి వచ్చే మాట ఒక్కటే: "మెల్లగా... ఏం ఫర్వాలేదు, మెల్లగా." అతని కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. దాన్ని చప్పుడు కాకుండా నొక్కి, "చూశారా, మీరే ఆపేశారు" అనేవాడు. ఆ మాటతో వణికే చేతులు కుదుటపడేవి.

అతని దగ్గరికి డాక్టర్లు వచ్చేవారు, ఇంజనీర్లు వచ్చేవారు. కారులో ఉన్నంతసేపూ సార్, సార్ అనేవారు. లైసెన్సు చేతికొచ్చాక రోడ్డు మీద ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్లు తక్కువ. అతను పదో తరగతి దగ్గరే చదువుకు దణ్ణం పెట్టాడు. ఆ సంగతి ఎవరూ అడిగింది లేదు. అయినా ఇవాళో రేపో ఎవరో అడుగుతారన్న బెరుకు అతనికి ఎప్పుడూ ఉండేది.

అతనికి ఐదేళ్ల కూతురు. ఇంట్లో గువ్వ అని పిలిచేవారు. ఆ ఏడాది దగ్గర్లోని బడిలో కేజీ తరగతులు ఎత్తేశారు. మిగిలిన బడి ఊరికి ఆ చివర. గువ్వ బస్సెక్కితే చాలు, సగం దారిలో వాంతి చేసుకునేది. "పొద్దస్తమానం బండిలో బతికేవాడి కూతురికి బండి పడకపోవడమేమిటమ్మా!" అని అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. చివరికి ఒకటో తరగతికి వచ్చేదాకా ఇంట్లోనే చదువు చెప్పుకుందామని భార్యాభర్తలు తేల్చుకున్నారు. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది, పగలంతా అక్కడే. అతనికి పని పొద్దునా సాయంత్రమూ, ఆ వేళల్లో పిల్ల అత్తగారి దగ్గర ఉండేది. మధ్యాహ్నాలు అతనికి ఖాళీ. కాబట్టి పంతులుగిరీ అతనికే దక్కింది.

ఇక ఏ పాఠాలు చెప్పాలన్నది మిగిలింది. ఇంట్లో చదువుకునే పిల్లల కోసం రకరకాల సిలబస్‌లు అమ్ముతున్నారని అప్పుడే తెలిసింది. భార్యకు ఒక పల్చటి పుస్తకాల కట్ట నచ్చింది. అందులో కథలు, పాటలు, బంకమట్టితో బొమ్మలు, గిన్నెలూ చెంచాలూ లెక్కపెట్టడం ఉన్నాయి. అతనికి మాత్రం పెద్ద పెట్టె నచ్చింది. దాని మీద బడికి వెళ్లేలోపే రెండో తరగతి పుస్తకం చదివిస్తామని రాసి ఉంది.

"ఐదేళ్ల పిల్లకి రెండో తరగతి ఎందుకండీ? పళ్లు కూడా ఊడలేదు దానికి" అంది భార్య.

"ఆ కట్టలో ఏముంది? చెంచాలు లెక్కపెట్టడానికి సిలబస్ కావాలా? మీ అమ్మ చెప్తుంది."

"మా అమ్మ చెప్తే తప్పా?"

"తప్పని కాదు. అన్నయ్య కొడుకు చూడు, పేపరు చదివేస్తున్నాడు."

అన్నయ్య ఫోన్ చేసినప్పుడల్లా వాడి చేత నాలుగు ముక్కలు చదివించేవాడు. "మీ గువ్వ ఏం చదువుతోంది?" అని వదిన తియ్యగా అడిగేది. భార్యకు ఆ సంగతి తెలుసు. ఒక నిట్టూర్పు విడిచి, "చెప్పేది మీరు కదా, మీ ఇష్టం" అంది.

పెట్టె వచ్చింది. అక్షరాల అట్టలు, రాత పుస్తకాలు, రంగు కర్రముక్కలు. రోజుకు ఎంత పూర్తి చెయ్యాలో కూడా అందులోనే ఉంది. మొదటి వారం గువ్వ ఎగిరి గంతేసింది. రెండో వారంలో "ఒకటికి వస్తోంది నాన్నా" అనడం మొదలుపెట్టింది. పాఠం మొదలవగానే ఒకటికి వచ్చేది. మధ్యలో మళ్లీ వచ్చేది. మిగతా అక్షరాలన్నీ ఎలాగో పట్టుబడ్డాయి గానీ మ, య దగ్గర బండి ఆగిపోయేది. రెంటికీ తేడా ఎక్కడుందో అతను ఎన్ని రకాలుగా చెప్పినా, అట్ట తీసి చూపించేసరికి గువ్వ నోట్లోంచి రెండోది వచ్చేది.

అతని చేతిలోకి స్కేలు ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. దానితో పిల్లను ఏనాడూ కొట్టలేదు, బల్లను కొట్టేవాడు. ఆ చప్పుడుకు పిల్ల భుజాలు పైకి లేచేవి. సాయంత్రం మళ్లీ కారెక్కి, "ఏం ఫర్వాలేదు మేడమ్, మెల్లగా" అనేవాడు. ఆ రెంటికీ పొత్తు లేదని అతనికి ఎప్పుడూ అనిపించలేదు.

నెల చివర పెట్టె కంపెనీ వాళ్లకు ఒక పాఠం వీడియో తీసి పంపాలి. అక్కడి టీచరమ్మ చూసి, పిల్ల ఏ మెట్టు మీద ఉందో చెబుతుంది. అతను ఫోనును నీళ్ల సీసాకు ఆనించి గువ్వను ఎదురుగా కూర్చోబెట్టాడు. చాలాసేపటికి పిల్ల అన్ని అక్షరాలూ గడగడా చదివింది. అతనికి ఛాతీ ఉప్పొంగింది. ముందున్న గొడవంతా కత్తిరించి, మంచి ముక్క మాత్రం భార్యకు పంపాననుకున్నాడు. "చూడు, మన గువ్వ" అని కింద రాశాడు.

తొందరలో అతను పంపింది కత్తిరించని వీడియో.

ఆసుపత్రి భోజనాల గదిలో ఆమె పక్కన హెడ్ నర్సు, ల్యాబ్ అతను, వార్డు ఆయా కూర్చున్నారు. "మా గువ్వ చదువుతోందట, రండి రండి" అని ఆమె సంబరంగా ఫోను టిఫిన్ డబ్బాకు ఆనించి సౌండు పెంచింది. గువ్వ ముఖం కనిపించింది. తర్వాత గొంతు వినిపించింది.

"ఇదేంటి?"

"...య?"

"యనా? కళ్లున్నాయా లేవా? నిన్న చెప్పానా లేదా?"

"మ."

"ఇప్పుడెలా వచ్చింది? అంటే వచ్చి కూడా నన్ను ఏడిపిస్తున్నావన్న మాట. ఎదురింటి కుక్కపిల్లకి చెప్పినా ఈపాటికి వచ్చేసేది!"

స్కేలు చప్పుడుకు డబ్బా మూత అదిరినట్టనిపించింది. ఆపుదామంటే ఆమె చెయ్యి ఎంగిలి. మోచేత్తో పొడిచింది, ఆగలేదు.

"ఏడుపు ఆపు. టీచరమ్మకు ఏడుపు మొహం చూపిస్తావా? కళ్లు తుడుచుకో. ఇప్పుడు నవ్వు. నవ్వమన్నానా!"

గువ్వ కళ్లు తుడుచుకుని నవ్వింది. నవ్వుతూ అక్షరాలన్నీ చదివింది.

ల్యాబ్ అతను తన డబ్బాలోకి చూస్తూ ఉండిపోయాడు. హెడ్ నర్సు మాత్రం ఉండబట్టలేక అడిగింది: "ఇది మెల్లగా సార్ గొంతు కదూ? నేను కారు తీసుకెళ్లి గోడకు గుద్దినా ఒక్క మాట అనలేదే నన్ను!"

"ఇవాళ ఆయనకు ఒంట్లో బాగాలేదు" అంది ఆమె. ఆ మాట ఎవరూ నమ్మలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆయా ఆమె వీపు మీద ఒకసారి చెయ్యి వేసి, గిన్నెలు తీసుకుని వెళ్లిపోయింది.

చీకటి పడ్డాక అతను ఇంటికి వచ్చేసరికి భార్య గువ్వను పక్కింట్లో ఆడుకోమని పంపింది. ఫోను తీసి భర్త ముందు పెట్టింది.

"చూడండి."

"నేనే కదా పంపాను" అన్నాడు నవ్వుతూ.

"మొదట్నుంచి చూడండి."

అతను చూశాడు. తెరలో అతను లేడు. స్కేలు పట్టుకున్న చెయ్యి మాత్రం మణికట్టు దాకా కనిపిస్తోంది. ఎవరిదో చెయ్యిలా ఉంది. గువ్వ అట్టకేసి చూడటం లేదు. ప్రతిసారీ తల ఎత్తి పైకి చూస్తోంది, అతని ముఖం ఉండే చోటుకి. అక్కడ ఏదో కనిపెట్టి య అంటోంది, ఆ ముఖం ముడుచుకోగానే మ అంటోంది. నెల రోజులుగా పిల్ల చదువుతున్నది తన కనుబొమ్మలనే అని అతనికి అప్పుడర్థమైంది. తల కొట్టేసినట్టయింది.

"పిల్ల బాగుపడాలనే కదా..." అన్నాడు.

"బాగుపడాలనా? మీ వదిన అడిగితే చదివించి వినిపించాలనా?"

అతను ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు.

"అందరి ముందూ పెట్టానండీ. మా ఆయన ఎంత ఓపిగ్గా చెప్తాడో చూడండి అన్నట్టు సౌండు పెంచి మరీ పెట్టాను. హెడ్ నర్సు మీ గొంతు గుర్తుపట్టింది. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను." ఆమె కళ్లు ఒత్తుకుంది. "ఆ కట్టా ఈ పెట్టా అని తెగ వెతుక్కున్నాం. పిల్ల ఎదురుగా కూర్చునేది ఎవరు, ఎలాంటి మనిషి అని మాత్రం చూసుకోలేదు."

మర్నాడు ఒక కుర్రాడు ఇంజను ఆపేసి బిక్కమొహం వేసుకుని అతని వంక చూశాడు. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఉండిపోయింది. పరాయి బిడ్డకు అంత తేలిగ్గా ఇచ్చే మాట. "మళ్లీ స్టార్ట్ చెయ్యండి" అన్నాడు, అంతే. సాయంత్రం పని ముగించుకుని భార్యను తీసుకురావడానికి ఆసుపత్రికి వెళితే, గేటు దగ్గర హెడ్ నర్సు ఎదురైంది. నాలుగు మాటలు దులిపేసినా బాగుండేదనిపించింది. ఆమె ఎప్పటిలాగే "బాగున్నారా సార్?" అని పలకరించి వెళ్లిపోయింది. ఆ సార్ అన్న మాటకు అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

వీడియో రాలేదేమని కంపెనీ టీచరమ్మ ఫోన్ చేసింది. అతను హాల్లో నిలబడి మాట్లాడాడు.

"పెట్టె వెనక్కి పంపించేస్తానండీ."

"అయ్యో, ఏమైంది సార్? పాప వల్ల కావట్లేదా?"

"అవునండీ. పాప చిన్నది కదా, దాని వల్ల కావట్లేదు" అన్నాడు. నోరు తిరగడానికి అంతకన్నా తేలికైన మాట దొరకలేదు.

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి తలుపు దగ్గర గువ్వ. చేతిలో నీళ్ల గ్లాసు.

"నాకు వచ్చేస్తుంది నాన్నా. ఇంకా కొంచెం నేర్చుకుంటా" అంది. అంటూనే అతని ముఖంలోకి చూసింది, సరిగ్గానే చెప్పానా అన్నట్టు.

వీడియో చూసినప్పటి సిగ్గు దీని ముందు ఏపాటి! అది తెలియక చేసినది అనుకోవచ్చు. ఇది తెలిసి, ఇప్పుడే చేసినది. అతను మోకాళ్ల మీద కూర్చుని పిల్ల చేతిలోని గ్లాసు పక్కన పెట్టాడు. మళ్లీ ఆ నంబరు కలిపాడు. టీచరమ్మ హలో అంది.

"ఇందాక తప్పు చెప్పానండీ. పాప వల్ల కాకపోవడం కాదు. దానికి బాగానే వస్తుంది. నా వల్లే కాలేదు. అరిచాను. భయపెట్టాను."

 అవతల టీచరమ్మ, "సరే సార్. పెట్టె పంపించండి. పాపకు కొన్నాళ్లు ఆటవిడుపు ఇవ్వండి" అంది.

గువ్వ అంతా విన్నది. "నువ్వు తప్పు చెప్పావా?" అని అడిగింది.

"చెప్పాను. అరవడం కూడా తప్పే. ఇంకెప్పుడూ అరవను."

 గువ్వ గ్లాసు తీసుకుని నీళ్లు తాగేసి, పక్కింటికి ఆడుకోవడానికి పోయింది.

తర్వాత పల్చటి పుస్తకాల కట్ట తెప్పించారు. సాయంత్రాలు భార్య కాసేపు చెప్పేది. మధ్యాహ్నాలు అత్తగారు వచ్చి చెంచాలు లెక్కపెట్టించేది. "కేజీ నాకూ కొత్తే. నేనూ చదువుకుంటున్నా" అని నవ్వేది. అతను వంటింట్లో పని చూసుకుంటూ, పిలిస్తే తప్ప ఆ గదిలోకి పోయేవాడు కాదు. అన్నయ్య ఫోన్ చేసి, "గువ్వ ఎంతవరకు వచ్చింది?" అన్నప్పుడు, "మట్టితో ఏనుగు చేసింది" అని చెప్పాడు. వదిన ఇంకేమీ అడగలేదు. ఒకటికి రావడం తగ్గింది. ఇల్లు సర్దుకుందనే అనుకున్నాడు.

ఒక సెలవు రోజు ఉతికిన బట్టలు మడతపెట్టి లోపలికి తెస్తుంటే గువ్వ గొంతు వినిపించింది. నేల మీద ఒక దిండు, ఒక చెప్పు, ఒక చెవి తెగిన ఎలుగుబంటి వరసగా కూర్చున్నాయి. గువ్వ చేతిలో స్కేలు.

"కళ్లున్నాయా లేవా? నిన్న చెప్పానా లేదా?" అని ఎలుగుబంటిని గద్దిస్తోంది. ఆ విరుపు, ఆ ఆగడం, మాట చివర గొంతు లేవడం, అన్నీ అతనివే. "ఏడుపు ఆపు. నవ్వు!"

వెనక భార్య కూడా వచ్చి నిలబడింది. అతని వంక చూసింది. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. చివరికి బట్టలు భార్య చేతికిచ్చి, లోపలికి వెళ్లి, చెప్పు పక్కన చతికిలబడ్డాడు.

"నువ్వెవరు?" అంది గువ్వ, ఆట విడవకుండా.

"కొత్తగా చేరాను టీచర్."

గువ్వ ఒక అట్టముక్క మీద తనే రాసిన వంకరటింకర అక్షరం ఎత్తి చూపించింది. "ఇదేంటి?"

అది ఏ అక్షరమో అతనికి నిజంగానే తెలియలేదు. "తెలీదు టీచర్."

స్కేలు పైకి లేచింది. గువ్వ అతన్ని చాలాసేపు చూసింది. "నిజంగా తెలీదా?"

"నిజంగా."

స్కేలు మెల్లగా దిగింది. పిల్ల దాన్ని దిండు కింద పెట్టేసింది. "సరే, ఏడవకు. ఇటు జరుగు, ఎలుగుబంటికి చోటివ్వు. మళ్లీ చెప్తా."

ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను తల వంచుకున్నాడు. అలాగే జరిగి, ఎలుగుబంటికి చోటిచ్చాడు.