నల్ల మీటలు

అన్నయ్య పియానో మూతను చెల్లెలి కుడిచేతి మీద దబ్బున మూసి, తన బరువంతా దాని మీద మోపాడు.

ఆమె ఉంగరపు వేలి గోరు లేచిపోయింది. అయినా కేక వెయ్యలేదు. ఎడమచేత్తో పక్కనున్న స్టూలు అందుకుని అతని మోకాలి చిప్ప మీద కొట్టింది. అతను వంగగానే మెడ కొరికింది.

అది పోటీ జరిగే హాలు వెనక ప్రాక్టీసు గది. సరదాకి వాయించుకునేవాళ్లకే తప్ప, అదే వృత్తిగా బతికేవాళ్లకు ఆ పోటీలో ప్రవేశం లేదు. అతనికి మాంసం కొట్టుంది. ఆమె అంబులెన్స్ నడుపుతుంది. ఇద్దరూ పియానో నేర్చుకున్నదీ, తన్నుకోవడం నేర్చుకున్నదీ ఒకే ఇంట్లో. ఆ ఇంట్లో పియానో మాత్రం ఒక్కటే. అది నాకంటే నాకని ఏళ్ల తరబడి కొట్టుకుంటుంటే నాన్న విసిగిపోయి తేల్చేశాడు. పోటీలో ఎవరు ముందుంటే పియానో వాళ్లది. ఓడినవాళ్లు దాన్ని మోసి గెలిచినవాళ్ల బండి ఎక్కించాలి.

ముందు చెల్లెలి వంతు. ఆ వెంటనే అన్నయ్యది.

"వెళ్లు చిన్నీ, పిలుస్తున్నారు. వేళ్లు ఆడతాయేమో చూసుకో" అన్నాడు, మెడ మీది నెత్తురు తుడుచుకుంటూ.

కుడిచేతికి మిగిలిన నాలుగు వేళ్లతో ఆమె ఎలాగో చివరిదాకా లాక్కొచ్చింది. ఒక్కో స్వరానికీ నొప్పి మోచేతి దాకా పాకింది. తెల్ల మీటలన్నీ ఎర్రటి చారలయ్యాయి. లేచేటప్పుడు తూలినట్టు పియానో మీద చెయ్యి ఆనించి, గోరు లేచిన వేలిని నల్ల మీటల మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఈడ్చింది. అన్నయ్య వాయించబోయేదంతా వాటి మీదే నడుస్తుందని ఇంట్లో గోడలకు కూడా తెలుసు.

హాలు నౌకరు గుడ్డ తెచ్చి తెల్ల మీటల్ని అద్దంలా తుడిచి వెళ్లాడు. నల్లవాటి మీద అతనికేమీ కనబడలేదు.

అన్నయ్య కూర్చుంటూనే వాయింపులోకి గుర్రంలా దూకాడు. మొదటి పరుగులోనే వేలు జారింది. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ జారింది. ఆపేసి వేళ్ల కొసలు చూసుకున్నాడు. అదేమిటో మాంసం కొట్టేవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

వేదిక మీంచి ఒక్క దూకు దూకి, ముందు వరసలో కూర్చున్న చెల్లెలి గొంతు పట్టుకున్నాడు. ఆమె నుదుటితో అతని ముక్కు బద్దలు కొట్టింది. విడదీయడానికి వెళ్లినవాళ్లలో ఒకాయన పన్ను పోగొట్టుకున్నాడు. న్యాయనిర్ణేతలు అన్నయ్యను పోటీ నుంచి తీసేశారు. చెల్లెలు కింది నుంచి రెండోదిగా నిలిచింది. పియానోకి ఆ మాత్రం చాలు.

ఆదివారం అన్నయ్య మాట ప్రకారమే వచ్చాడు. కొట్టులో పనిచేసే ఇద్దరితో కలిసి పియానోను నాన్న గదిలోంచి మెట్ల మలుపు దాకా దింపాడు. బండి తలుపులు తెరవమని వాళ్లను కిందికి పంపాడు. చెల్లెలు కట్టు కట్టిన చేత్తో పక్కనే నిలబడింది.

"నల్లవాటికి కావాలనే పూశావు కదూ?" అన్నాడు.

"ఆ. మూత నువ్వు పొరపాటున వేశావా?"

అతను నవ్వి, పియానోకి భుజం ఆనించి నెట్టాడు. ఆమె అతని విరిగిన ముక్కు మీదే గుద్దింది. అతను ఆమె జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ఇద్దరూ గోడకు కొట్టుకుంటూ పెనుగులాడుతుంటే, అప్పటికే మెట్టు అంచు దాటిన పియానో తన దారిన తాను వెళ్లిపోయింది. భవనం మొత్తం మోగింది. తీగలు తెగుతున్న చప్పుడు చాలాసేపటి దాకా ఆగలేదు.

పై మెట్టు మీద నాన్న, చేతుల్లో పియానో స్టూలుతో నిలబడి ఉన్నాడు.

"ఇక దేనికోసం కొట్టుకుంటార్రా?" అన్నాడు.

ఇద్దరూ ఆయన చేతుల్లోని స్టూలు వైపు చూశారు. నాన్న మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు.