మౌనస్వామి చెప్పిన వార్తలు

కళ్ళద్దాల షాపులో పనిచేసే ఆమెను స్నేహితులు 'రేడియో' అని పిలిచేవారు. నలుగురూ ఒకప్పుడు ఒకే బట్టల దుకాణంలో, ఒకే కౌంటరు వెనక నిలబడి పనిచేసినవాళ్ళు. దుకాణం మూతపడ్డాక తలో దిక్కూ అయిపోయారు. ఒకామె చదువుకుని నర్సయింది. ఒకామె మొగుడితో కలిసి బేకరీ పెట్టుకుంది. మరొకామె చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరింది. కలుసుకునే తీరిక ఎవరికీ లేదు, కబుర్లు లేకుండా ఉండగలిగిన మనిషీ వాళ్ళలో లేదు. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే రేడియో ఫోను నోటి దగ్గర పెట్టుకుని వారం సంగతులన్నీ రికార్డు చేసి పంపేది. ఏ సినిమా వచ్చింది, ఏ రోడ్డు తవ్వారు, పేపర్లో ఏం పడింది, షాపుకొచ్చిన పాటగాడు అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డాడు, అన్నీ ఉప్పూకారం దట్టించి చెప్పేది.

ఆ ఆదివారం లేచేసరికి ఆమెకు గొంతు లేదు. జలుబు ముదిరి గొంతులోకి దిగింది. నోరు తెరిస్తే నూనె వేయని తలుపు చప్పుడు తప్ప మాట రావడం లేదు. గుసగుసలు కూడా వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

మామూలప్పుడైతే ఆ వారానికి సెలవు పెట్టేసేదే. కాని టీచరు కాలు విరిగి, కట్టుతో మంచం మీద ఉంది. "పైకప్పు చూసీ చూసీ కళ్ళు కాయలు కాస్తున్నాయే, ఆదివారం నీ గొంతు వింటే గాని ప్రాణం కుదుటపడదు" అని మొన్ననే ఫోను చేసింది. అలాంటిదాన్ని ఊరికే ఎలా వదిలేయడం?

తన బదులు మాట్లాడడానికి ఇంట్లో ఉన్నది అత్తగారూ, భర్తా. అవతలివాళ్ళు దూరంగా ఉన్నారు కాబట్టి ఫోనులో గట్టిగా అరవాలని అత్తగారి నమ్మకం. పైగా ఆవిడ ఏ సంగతైనా తన పెళ్ళి నాటి నుంచి మొదలుపెడుతుంది. ఇక భర్త లిఫ్టుల మెకానిక్కు. అతనికి స్నేహితులు పెట్టిన పేరు మౌనస్వామి. "వాడు పుట్టినప్పుడు కూడా ఒక్కసారే ఏడ్చాడు. మేం విన్నామని తెలిశాక ఊరుకున్నాడు" అంటుంది అత్తగారు.

దానికి తోడు గురువారం నుంచి మొగుడూ పెళ్ళాల మధ్య ఆమె తిట్లు తప్ప మాటల్లేవు. సాయంత్రం సినిమాకు తీసుకెళ్తానన్న మనిషి అజా పజా లేడు. చివరికి అత్తాకోడళ్ళే వెళ్ళి చూసొచ్చారు. సినిమా ఎంత చప్పగా ఉందంటే అత్తగారు సగంలోనే నిద్రపోయింది. కోడలికి ఆ అదృష్టం కూడా పట్టలేదు. ఇంటికొచ్చాక నిలదీస్తే అతను "లిఫ్టు ఆగింది" అన్నాడు. ఇంకో ముక్క లేదు. అప్పటినుంచి ఆమె మూతి ముడుచుకునే ఉంది.

అయినా ఇప్పుడు అవసరం తనది. మందుల కవరు వెనక సంగతులు గబగబా రాసి అతని చేతిలో పెట్టి, ఫోను చూపించింది. అతను నిలబడే రికార్డు చేశాడు.

"వంతెన తెరిచారు. సినిమా బాగాలేదు. బొమ్మల ప్రదర్శన పెట్టారు. టమాటా ధర తగ్గింది. ఉంటాను."

ఆమె తల పట్టుకుంది. ఈలోగా జవాబులు రానే వచ్చాయి.

"ఏంటన్నయ్యా, వెనకాల ఎవరైనా తరుముతున్నారా?" అంది నర్సు.

"అన్నయ్యగారూ, నాకు పొద్దంతా ఖాళీయే. కాస్త సాగదీసి చెప్పండి" అంది టీచరు. ఆ గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది.

రేడియో రెండు చేతులూ తిప్పుతూ ఇంకా చెప్పమని సైగ చేసింది.

"ఇంకేం ఉంది?" అన్నాడతను నిజంగానే అర్థంకాక.

కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తి పక్కన పెట్టింది. "గురువారం ఏదో లిఫ్టు ఆగిందన్నావుగా. అదన్నా చెప్పరా."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గురువారం ఇంటికి బయల్దేరుతుంటే నాటకాల హాలు నుంచి ఫోనొచ్చింది. లిఫ్టు ఆగింది, లోపల మహారాజున్నాడు అన్నారు. తాగి మాట్లాడుతున్నారేమో అనుకున్నా. వెళ్తే నిజంగానే రాజు. కింద గదిలో వేషం వేసుకుని, పొడుగు అంగీ తొక్కుకుని మెట్ల మీద పడతానేమోనని లిఫ్టెక్కాడట. పైన హాలు నిండా జనం. రాణి వేషం వేసినావిడ చూసి చూసి కిందికి దిగొచ్చేసింది. లిఫ్టు దగ్గర నిలబడి, 'ప్రభూ, ఎంతసేపు?' అంది. లోపల్నుంచి ఆయన, 'దేవీ, మెకానిక్కు వచ్చాడు' అన్నాడు."

అత్తగారు కిసుక్కున నవ్వింది. కోడలు ఫోనును అతని నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపింది.

"ఆవిడ వెంట వచ్చిన జనం కూడా నవ్వారు. దాంతో ఆయనకి హుషారొచ్చి, లోపల్నుంచే నాటకం మొదలెట్టేశాడు. ఆయన యుద్ధానికి పోతానంటాడు. ఆవిడ తలుపు మీద చెయ్యేసి వద్దంటుంది. హాల్లో వాళ్ళంతా వచ్చి మెట్ల మీద కూచున్నారు. నేను పైనున్న మోటారు సరిచేసి కిందికొచ్చా. మీట నొక్కితే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కాని అప్పుడే ఆవిడ ఏడుస్తోంది. నిజం ఏడుపులాగే ఉంది. నొక్కబుద్ధి కాలేదు."

"మరేం చేశావురా?"

"ఆగా. ఆయన కూడా తలుపు సందులోంచి నా వంక చూసి ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. చివరికి, 'ఇక నన్ను వెళ్ళనీ' అన్నాడు. అన్నది రాణితో. నాతో కూడాననుకుని మీట నొక్కా. తలుపు తెరుచుకుని రాజు బయటికొచ్చాడు. అన్ని చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. అందులో కొన్ని నాకు కూడా అనుకుంటా."

అతను ఫోను మీద వేలు నొక్కి పంపేశాడు. ఆమె మందుల కవరు లాక్కుని, మిగిలిన ఖాళీలో రాసింది: 'నాకెందుకు చెప్పలేదు?'

"తిడుతున్నావుగా, అయ్యాక చెబుదామనుకున్నా" అన్నాడతను. "అదింకా అవ్వలేదు."

ఆమె దిండు తీసి అతని మీద విసిరింది. తర్వాత భుజాలు కదిలిపోయేలా, చప్పుడు లేకుండా, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

ఫోను మోగుతూనే ఉంది. ఇకనుంచి వార్తలు అన్నయ్యే చెప్పాలని బేకరీ ఆమె తీర్మానించింది. అది విన్నప్పుడు రేడియోకు మనసులో చిన్న ముల్లు గుచ్చుకున్న మాట నిజమే. అంతలో టీచరు గొంతు వచ్చింది. "నవ్వలేక చచ్చానన్నయ్యగారూ. ఇంతకీ రాజు యుద్ధం నుంచి తిరిగొచ్చాడా, లేదా?"

"తెలీదమ్మా" అన్నాడతను. "సినిమాకి మీ ఫ్రెండు ఎదురుచూస్తుంటుందని వచ్చేశా. దారిలో ఇంకో లిఫ్టు ఆగింది."

ఆమె అతని వైపు చూసింది. ముల్లు ఎప్పుడు రాలిపోయిందో ఆమెకే తెలియలేదు. రాజు సంగతి తేలాలంటే ఆ నాటకానికి వెళ్ళాల్సిందేనని అందరికీ మెసేజి పెట్టింది.

శనివారానికి రేడియోకు గొంతు తిరిగొచ్చింది. అందరూ కదిలారు. చంక కర్రల మీద దిగిన టీచరును అతను దగ్గరుండి లిఫ్టు ఎక్కించాడు. బేకరీ ఆమె పెద్ద డబ్బాతో బన్నులు తెచ్చింది. రాజు యుద్ధం నుంచి క్షేమంగానే తిరిగొచ్చాడు. కాని ఈలోగా రాజ్యం చక్కగా ఏలుతున్న రాణి, కిరీటం తిరిగి ఇవ్వనంది. హాలు మొత్తం మీద ముందు చప్పట్లు కొట్టింది అత్తగారే.

ఆట విడిచాక నలుగురు స్నేహితురాళ్ళూ వాకిట్లో మెట్ల మీద కూలబడి ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎవరు ఎవరికి చెబుతున్నారో, ఎవరు వింటున్నారో దేవుడికే తెలియాలి. అతను రోడ్డు మీదికెళ్ళి టాక్సీ పిలుచుకొచ్చి, వచ్చిందని చెప్పాడు. ఎవరూ వినలేదు. ఇంకోసారి చెప్పాడు. తర్వాత డ్రైవరుకు కాస్త ఆగమని సైగ చేసి, డబ్బాలోంచి ఒక బన్ను తీసుకుని, భార్య పక్కన మెట్టు మీద చోటు చేసుకుని కూర్చున్నాడు.