మెట్ల మీద సలహా

సర్కారు లాయర్ల ఆఫీసులో ఊరికే నోరు విప్పకూడదు. ఏ శాఖవాళ్లు సలహా అడిగితే ఆ శాఖే గంటల లెక్కన డబ్బు కట్టాలి. ఒకే సర్కారు కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో వేసుకునే ఈ సంబడానికి పైవాళ్లు పొదుపు అని పేరు పెట్టారు. ఫోనెత్తితే చాలు, బిల్లు లెక్క కోసం గడియారం నొక్కాలి.

అందుకే డబ్బు అయిపోయిన శాఖలవాళ్లు ఆ ఆఫీసులోని లాయరమ్మ గదికి రారు, మెట్ల దగ్గర కాపు కాస్తారు. మెట్ల మీద మాటకు బిల్లు లేదు మరి. అనాథ పిల్లల హోమ్ వార్డెన్ కూడా ఆవిణ్ణి అక్కడే పట్టుకుంది.

"అక్కా, ఒక్క మాట. తల్లి లేని పిల్ల, ఏడేళ్లది. తండ్రి వచ్చి పంపమంటున్నాడు. పంపెయ్యొచ్చా?"

"కన్నతండ్రేగా? ఆపడానికి నువ్వెవరివమ్మా? పంపెయ్."

అంతే. కోర్టుకు ఆలస్యమవుతోందని లాయరమ్మ గబగబా దిగిపోయింది. గదిలో అయితే ముందు ఫైలు తెమ్మనేది. మెట్ల మీద ఫైలెవరు అడుగుతారు?

మర్నాడు వార్డెన్ ఏడుస్తూ వచ్చింది. చేతిలో పాత కోర్టు ఉత్తర్వు. తాగి కొడుతున్నాడు కాబట్టి పిల్లను తండ్రికి అప్పగించకూడదని అందులో ఉంది.

"ఇది నిన్ననే చూపించొద్దూ?"

"నేనీ హోముకొచ్చి నెల కాలేదక్కా. ఫైలు అడుగున ఉంది, పిల్లను పంపేశాక కనబడింది. మీరు అడిగుంటే వెతికేదాన్ని."

 వార్డెన్‌ని తిడదామంటే తప్పు లాయరమ్మదే. పరుగున పెద్దలాయరు గదికి వెళ్లి సంగతి చెబితే, ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఏ శాఖ ఖాతాలో రాయమంటారు?" అన్నాడు.

"ముందు పిల్ల సంగతి చూడండి సార్! ఖాతాదేముంది, నా నెత్తిన రాసుకోండి!"

ఆయన పిల్లల హోము నడిపే శాఖకు ఫోన్ చేశాడు. చిత్రం చూడండి, నిన్న పావుగంటకు డబ్బు లేని శాఖ ఇవాళ ఎన్ని గంటలైనా కానివ్వమంది! గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే. పిటిషన్, జడ్జి సంతకం, పోలీసు జీపు, అన్నీ సాయంత్రానికల్లా కుదిరాయి.

పిల్లను తెచ్చారు. చెంప వాచి, ఒక కన్ను మూసుకుపోయి ఉంది. ఏడవడం లేదు. వార్డెన్ చెయ్యి పట్టుకుని, "నేనేం తప్పు చేశానని పంపేశారు?" అని అడిగింది.

వార్డెన్ ఏదో చెప్పబోయింది. లాయరమ్మ ఆమెను ఆపి, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"నువ్వేం చెయ్యలేదు తల్లీ. పంపమన్నది నేను. ఏమీ అడక్కుండా చెప్పేశాను."

పిల్ల ఆ తెరిచి ఉన్న కంటితో ఆమెను కాసేపు చూసి, వార్డెన్ వెనక్కి వెళ్లి దాక్కుంది.