ఇక్కడ పెద్ద అక్షరాలు వస్తాయి

ఫోను మోగేసరికి ఆమె తల తుడుచుకుంటోంది. పెళ్ళయి నలభై రెండు రోజులు. అద్దం ముందు గ్లాసులో రెండు బ్రష్షులు భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉండటం చూస్తే చాలు, ఆమెకి ఒంటికాలి మీద గెంతాలనిపిస్తుంది. అలా గెంతుతూనే వెళ్ళి ఫోను తీసింది.

“అయిపోయాయి, కవరమ్మాయీ! అన్నీ అయిపోయాయి!” అని అవతలినుంచి సంపాదకుడు కేక పెట్టాడు.

ఆమె రెండో కాలు నేలమీదికి దిగింది. “ఏమైపోయాయండీ?”

“కాపీలు! ఊరంతా గాలించినా ఏ కొట్లోనూ ఒక్కటి లేదు. మళ్ళీ అచ్చు వేయిస్తున్నాం. ఈ నెలతో పత్రిక మూసేసి మనందర్నీ తన మొక్కల పత్రికలోకి తోసేస్తానన్నాడు కదా యజమాని, ఇప్పుడు ఇంకొక్క సంచిక చూస్తానంటున్నాడు. అదీ ఇలాగే కొట్టామా, ‘పిడుగు’ బతికినట్టే. లేదంటే నువ్వు జన్మంతా గులాబీ అంట్లకి ఫోటోలు అతికిస్తూ కూర్చోవాల్సిందే. వినపడుతోందా? వచ్చే కవరు మీద కూడా వాడే ఉండాలి. అదే మనిషి, అదే నోరు!”

ఆ మనిషి అప్పుడు మంచం మీద దుప్పటి మెడదాకా లాక్కుని, ఒక పాదం బయటపెట్టి, హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన ఆమె మొగుడు.

ఇదెలా జరిగిందో తెలియాలంటే ముందు ‘పిడుగు’లో కవరు ఎలా పుడుతుందో తెలియాలి. పిడుగు రాక్ సంగీతం పత్రిక. అమ్మేది మాత్రం సంగీతం కాదు, కవరు. కొట్టువాడు పత్రికల్ని ఒకదానిమీద ఒకటి పరిచి వేలాడదీస్తాడు కాబట్టి ప్రతిదానికీ పైన జానెడు, ఎడమవైపు బెత్తెడు మాత్రమే బయటికి కనిపిస్తాయి. మన బతుకంతా ఆ జానాబెత్తెడులోనే చూపించుకోవాలి. అందుకే మొహం ఎడమకి జరుపుతారు. పత్రిక పేరుని గాయకుడి జుట్టుతో సగం కప్పేస్తారు, పత్రిక కంటే అతనే పెద్దవాడిలా ఉండాలని. అక్షరాలు ఎర్రగా ఉండాలి. నోరు తెరుచుకునే ఉండాలి. నోరు మూసుకున్న గాయకుణ్ణి చూస్తే బ్యాంకులో సంతకం కోసం నిలబడ్డవాడిలా ఉంటాడని సంపాదకుడి సిద్ధాంతం.

ఇవన్నీ అయ్యాక చేతుల పరీక్ష ఉంటుంది. కవరు నమూనాని పాత సంచిక మీద అతికించి, ఆఫీసు కింద ఉన్న కొట్లో మిగతా పత్రికల మధ్య వేలాడదీస్తారు. సంపాదకుడు మూడో అంతస్తు కిటికీలో బైనాక్యులర్స్ పెట్టుకుని గంటసేపు కూర్చుంటాడు. ఎన్ని చేతులు దానికోసం చాస్తే అన్ని మార్కులు. అయిదు చేతులు రాకపోతే ఆ కవరు చెత్తబుట్టలోకి.

బృందాల ఫోటోలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి. అందాకా కొలతల కోసం ఏదో ఒక మొహం పెట్టుకోవాలి కదా! పెళ్ళికి ముందు ఆమె పెన్సిలుతో గుండ్రంగా ఒక బంగాళదుంపని గీసి పెట్టేది. పెళ్ళయ్యాక ఆ చోటులోకి మొగుడొచ్చాడు. ఒక ఆదివారం పొద్దున్న ఆయన మంచం మీద లేచి కూర్చుని, రెండు చేతులూ జుట్టులోకి పోనిచ్చి, కళ్ళ చివర నీళ్ళు తిరిగేలా ఇంత పొడుగున ఆవలిస్తుంటే ముద్దొచ్చి ఫోటో తీసుకుంది. వెనక నీలం దుప్పటి ముడతలు పొగలా వచ్చాయి. ఆ ఫోటో పెట్టి, కింద ఎర్రగా “ఇక్కడ పెద్ద అక్షరాలు వస్తాయి” అని గుర్తుకి రాసుకుని, బల్లమీద పెట్టి, ఆయనతో మూడు రోజులు సముద్రం చూడ్డానికి వెళ్ళింది.

వచ్చేసరికి అచ్చయిపోయింది. ఆమె లేనప్పుడు సంపాదకుడు దాన్ని కొట్లో వేలాడదీశాడట. తొమ్మిది చేతులొచ్చాయట. ఇంకేం, నేరుగా ప్రెస్సుకి పంపేశాడు. మొగుడి నోరు, దాని కింద “ఇక్కడ పెద్ద అక్షరాలు వస్తాయి.” ఎవరితో ఏమీ అనకుండా తన కుర్చీలో తాను కుక్కిన పేనులా కూర్చుంది. ఆ తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. ‘ఇక్కడ పెద్ద అక్షరాలు వస్తాయి’ అనే ఆల్బం ఎక్కడ దొరుకుతుందని నూట నలభైమంది అడిగారు. అందులో మూడో పాట మొదటి రెండింటి కంటే బలహీనంగా ఉందని ఒకాయన నాలుగు పేజీలు విమర్శ రాశాడు. ఇంకొకామె అతని కచేరీకి వానలో తడుస్తూ వెళ్ళానని, ఆ రాత్రితో తన జీవితమే మారిపోయిందని రాసింది. అసలు కవరు మీద రావలసిన బృందం నాయకుడు పోట్లాటకొచ్చి, ఆఫీసు గుమ్మంలో జనాన్ని చూసి, “చిన్నప్పట్నుంచీ నాకు అతనే ఆదర్శం” అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఫోను పెట్టేసి ఆమె మంచం అంచున కూర్చుంది. “లేస్తావా? నీతో ఒక మాట చెప్పాలి,” అంది. నలుగురిలో ‘మీరు’ అనేది, ఇద్దరే ఉంటే ‘నువ్వు’.

ఆయన మొత్తం విన్నాడు. చెవుల ఆసుపత్రిలో పనిచేసే మనిషి, వినడమే ఆయన వృత్తి. శబ్దం చొరబడని గదిలో రోగుల్ని కూర్చోబెట్టి, సన్నటి కూతలు వినిపించి, ఏ చెవికి ఎంత వినికిడి ఉందో రాసుకుంటాడు. రాక్ సంగీతం ఒక్క ముక్క తెలియదు.

“అయితే నా నోరు చూసి జనం పత్రిక కొన్నారా?” అన్నాడు.

“ఎగబడి కొన్నారు. కోపమా?”

“కోపమెందుకు? ఇరవైతొమ్మిదేళ్ళ నుంచి ఈ నోరు అన్నం తప్ప ఇంకేం సంపాదించలేదు.”

ఆమె ఆయన్ని పట్టుకుని ఊపేసింది. అంతలో అత్తగారి ఫోను. ఆవిడ అప్పటికే ఆరు కాపీలు కొనేసింది.

“వాడు నోరు మూసుకుంటే చక్కగా ఉంటాడే తల్లీ. ఈసారైనా మూయించి తియ్యి.”

“మూస్తే అమ్ముడుపోదత్తయ్యా.”

“అదేం ఖర్మే!”

రెండు రోజుల తర్వాత ఆమె ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్తే, సంపాదకుడు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆమె దాచకుండా చెప్పేసింది. “మా ఆయనండీ. పాడరు. అది కేక కాదు, ఆవలింత.”

“ఇంత పెద్ద గాయకుణ్ణి పెళ్ళి చేసుకుని మాకు మాటమాత్రం చెప్పలేదేం?”

“పాడరండీ బాబూ!”

“పాడకుండానే ఇంత పేరొచ్చిందంటే పాడితే ఇంకెంత వస్తుందో! అల్లుడుగారూ, రండి, ఇలా లైటు కింద కూర్చోండి.”

లైట్లు సర్దుతున్నది ఫోటో అక్క. యాభై దాటిన మనిషి, ఎవరి ఫోటో తీస్తున్నా వాళ్ళని తిడుతూ తీస్తుంది. “జుట్టులో చేతులు పెట్టండి మరిదిగారూ. ఆఁ, ఇప్పుడు ఆవలించండి.”

ఆయన నోరు తెరిచాడు. ఫోటో అక్క కెమెరాలోంచి చూసి పెదవి విరిచింది. “పన్ను చూపిస్తున్నట్టుంది. కింద దంతవైద్యుడి చిరునామా వేసుకోవచ్చు.”

దొంగ ఆవలింత కుదరదని అర్థమైంది. నిజమైనది తెప్పించాలి. సంపాదకుడు ఆయన ఎదురుగా కూర్చుని, పత్రిక యజమాని గత సంవత్సరం ఇచ్చిన ఉపన్యాసం మొదట్నుంచి చదివాడు. ఎరువుల మీద పదిహేడు పేజీలు. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని శ్రద్ధగా విని, చివర్న రెండు సందేహాలు అడిగాడు. పోనీ, ఆవలింత అంటుకుంటుంది కదా అని ఆఫీసులో ఉన్న పదకొండు మందీ ఆయన చుట్టూ మూగి ఆవలించడం మొదలుపెట్టారు. ముందు ఉత్తుత్తివే. కాసేపటికి నిజమైనవే వచ్చాయి. అచ్చుతప్పులు చూసే ఆయన ఒకదాని వెనక ఒకటి పదమూడు తీసి, బల్లకి ఆనుకుని నిద్రపోయాడు. ఫోటో అక్క కెమెరా వణికిపోయేలా ఆవలించింది. మొగుడు మాత్రం నిండు వెన్నెల్లా మొహం పెట్టుకుని అందర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“ఏమయ్యా అల్లుడూ, రాయివా మనిషివా?” సంపాదకుడి మర్యాద సగం ఊడిపోయింది. “ఎల్లుండి యజమాని వచ్చి కిటికీలో కూర్చుంటానన్నాడు. చేతులు తనే లెక్కపెడతాడట.”

“ఇక్కడంతా భలే సందడిగా ఉందండీ. ఆసుపత్రిలో మా గదిలో అయితే పూటకి నలభై ఆవలింతలొస్తాయి.”

ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, పిడుగు సిబ్బంది లైట్లూ తీగలూ మోసుకుని చెవుల ఆసుపత్రికి బయల్దేరారు.

నాలుగు గోడలకీ మెత్తటి నురుగు పలకలు, మందపాటి తలుపు, చిన్న గాజు కిటికీ, మధ్యలో ఒక కుర్చీ. తలుపు వేసేసరికి లోపల ఉన్న నలుగురికీ తమ గుటక చప్పుడు తమకే వినిపించింది. పాతికేళ్ళుగా స్పీకర్ల పక్కనే నిలబడి ఉద్యోగం చేసిన సంపాదకుడికి ఈ నిశ్శబ్దం కొత్త. “ఏదో చప్పుడవుతోంది, డబడబమని,” అన్నాడు, మొహం పాలిపోయి.

“మీ గుండె అండీ,” అన్నాడు మొగుడు.

“ఎప్పట్నుంచి కొట్టుకుంటోంది?”

“మొదట్నుంచీ అండీ.”

ఆయన తన కుర్చీలో కూర్చున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. ఆయన రెప్పలు వాలాయి. దవడ కాస్త కదిలింది. ఫోటో అక్క వేలు మీట మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడు ఆయన కళ్ళెత్తి, మూలన గోడకి ఆనుకుని నిలబడ్డ పెళ్ళాన్ని చూశాడు. వచ్చిన ఆవలింత వచ్చినట్టే చిరునవ్వైపోయింది.

“అబ్బబ్బ! చేతిదాకా వచ్చింది!” ఫోటో అక్క తల బాదుకుంది. “అమ్మాయ్, నువ్వు బయటికి నడువు.”

ఆమె బయటికెళ్ళి గాజు కిటికీ దగ్గర నిలబడింది. ఆయన లోపల్నుంచి చెయ్యి ఊపాడు. పక్కకి జరిగింది. ఎక్కడికి పోయిందా అని ఆయన మెడ సాచి వెతికాడు.

“పెళ్ళయి ఎన్నాళ్ళయిందయ్యా?” సంపాదకుడు విసుక్కున్నాడు.

“నలభై నాలుగు రోజులండీ.”

“ఇంకో రెండేళ్ళాగి తీసుంటే సరిపోయేది. పెళ్ళాన్ని చూస్తూ చూస్తూనే ఆవలించేవాడివి. అక్కా, అమ్మాయిని లోపలికి రానీ, అక్కడుంటే ఇతనికి మెడ పట్టేసేలా ఉంది.”

ఆమె వచ్చి కుర్చీ పక్కనే నేలమీద కూర్చుంది. పాపం, రెండు రోజులుగా ఆమె కంటికి కునుకు లేదు. గులాబీ అంట్లు కలలోకొచ్చి భయపెడుతున్నాయి. చుట్టూ మెత్తటి నిశ్శబ్దం, తలకి ఆనుకుని ఆయన మోకాలు, ఎక్కడా చిన్న చప్పుడు లేదు. ఆవలింత ఆమె అరికాళ్ళలో బయల్దేరింది. ఆపుకుందామనుకుంది. ఆపుకున్నకొద్దీ పెద్దదై, వెన్నెక్కి, మెడ వెనక్కి వంచి, ఆమె రెండు చేతుల్నీ జుట్టులోకి తీసుకెళ్ళి, నోట్లోంచి ఒక నల్లటి సొరంగంలా తెరుచుకుంది. కళ్ళ చివర నీళ్ళు తిరిగాయి. ఆయన కిందికి వంగి, ప్రపంచంలో ఎనిమిదో వింతని చూస్తున్నట్టు, తనకి తెలియకుండానే ఆమెతో పాటు నోరు వెళ్ళబెట్టాడు.

ఫోటో అక్క మీట నొక్కింది. ఆ గదిలో ఆ టిక్కు తుపాకీ పేలినట్టు వినపడింది.

ఆమె మర్నాడు పగలంతా తీరిగ్గా కూర్చుని నమూనా తయారుచేసింది. తన మొహం తనే ఎడమకి జరుపుకుంది. తన జుట్టుతో తనే ‘పిడుగు’లో సగం కప్పింది. కింద ఏం రాయాలో సంపాదకుణ్ణి అడిగితే, “పోయినసారి నన్ను అడిగే రాశావా? నీకేది తోస్తే అది,” అన్నాడు. ఏమీ తోచక, చోటు గుర్తుకి “ఇక్కడ ఇంకా పెద్ద అక్షరాలు వస్తాయి” అని పెట్టింది. సంపాదకుడి కళ్ళు చెమర్చాయి. “రెండో ఆల్బం!” అన్నాడు.

పత్రిక యజమాని చెప్పిన వేళకి వచ్చాడు. గోళ్ళలో మట్టి, జేబులో చిన్న కత్తెర. బైనాక్యులర్స్ అందుకుని కిటికీలో కూర్చున్నాడు. వెనక ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని, వేళ్ళు తెల్లబడేలా నొక్కేస్తోంది.

పావుగంటకి ఒక్క చెయ్యి. అదీ పక్క పత్రికని తీసుకుంది. సంపాదకుడు గోడకి తిరిగి నిలబడ్డాడు.

“ఒక ముసలాయన ఆగాడు,” అన్నాడు యజమాని. “ఆగి... ఆవలిస్తున్నాడు.”

“చెయ్యి?”

“ఆఁ, చాచాడు. వెనక ఇద్దరాడవాళ్ళు. వాళ్ళూ ఆవలిస్తున్నారు. సైకిలతను దిగాడు. అరె, కొట్టువాడు కూడా!”

కింద వీధిలో ఆవలింత ఒకరినుంచి ఒకరికి పాకుతోంది. ఎవరు అంటించారా అని వెతికిన ప్రతివాడి చూపూ చివరికి ఆ నోటి దగ్గరే ఆగుతోంది. చూపు ఆగిన చోటికి చెయ్యి వెళ్తోంది. అయిదు. ఎనిమిది. పదకొండు. ఉన్నట్టుండి యజమాని బైనాక్యులర్స్ పక్కన పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అందరూ కిటికీ మీద పడ్డారు. కింద ఆయన జనాన్ని తోసుకుని వెళ్ళి, కొట్టు ముందు నిలబడి, తలెత్తి చూసి, భారీగా ఆవలించి, మట్టి గోళ్ళ చెయ్యి చాచాడు.

“పన్నెండు!” సంపాదకుడు ఫోటో అక్కని ఎత్తి గిరగిరా తిప్పాడు. ఆవిడ తిడుతూనే తిరిగింది.

యజమాని నమూనా పట్టుకుని, ఆయాసపడుతూ పైకొచ్చాడు. “మూసెయ్యను. మొక్కలకి వేరే మనుషుల్ని చూసుకుంటాను,” అన్నాడు. మొగుడూ పెళ్ళామూ ఒకరినొకరు పట్టుకుని గెంతడం ఆయన కాసేపు చూశాడు. “వీళ్ళేనా ఆ ఇద్దరూ? నేనెప్పుడూ వినలేదు. నాకోసం ఒక్కసారి పాడిస్తారా?”

“దానికేం భాగ్యం!” సంపాదకుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “రేపు సాయంత్రం అయిదింటికి, ఇక్కడే.”

యజమాని వెళ్ళగానే ఆమె నెత్తిన చేతులు పెట్టుకుంది. “ఏం పాడతామండీ? మాకు ఒక్క పాట రాదు!”

సంపాదకుడు ఉత్తరాల కట్టలోంచి ఆ నాలుగు పేజీల విమర్శ బయటికి లాగాడు. “ఇందులో మూడు పాటల గురించీ పూర్తిగా రాశాడు. ఎక్కడ మెల్లగా ఉంటుందో, ఎక్కడ అరుస్తారో, అంతా ఉంది. చూసి పాడేయండి.”

మొగుడు ఆ కాగితాలు తీసుకుని శ్రద్ధగా చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“మూడోది కాస్త బలహీనమంటున్నాడు కదా, దాన్ని వదిలేద్దాం,” అన్నాడు. “నేను పొద్దున్న సెలవు చెప్పేస్తాను. రేపు తొమ్మిదింటికి కొట్టు తెరవగానే వెళ్ళి రెండు గిటార్లు కొందాం. ఎటువైపు పట్టుకోవాలో కొట్టువాణ్ణే అడుగుదాం.”